నడిమి గడిలో హంస

చేనేత శాఖలో డిజైన్ మాస్టారుగా చేరి, సర్వీసంతా బండారులంక సొసైటీలోనే గడిపాను. ఆఫీసు బండారులంకలో, కాపురం అమలాపురంలో, ఆ రెంటి మధ్యా నన్నూ నా సైకిలునీ మింగడానికి నోరు తెరుచుకుని కూర్చున్న గోతులు. ఒక్కో గోతిలో పడితే అవతల దేశంలో తేలేంత లోతు. యాభై ఐదేళ్లకే మనిషి ముసలివాడైపోతాడని ప్రభుత్వం వారు ఉత్తర్వు వేసి నన్ను ఇంటికి పంపించారు. నా జుట్టుకి మాత్రం ఆ ఉత్తర్వు నకలు ఇంకా అందలేదు. అందుచేత నేను నడివయసు వాణ్ణేనని, చెప్పేది వినమని, ఈ ఉద్యోగంలో కొత్తగా చేరుతున్న కుర్రాళ్లకి మనవి.

పని ఏమిటంటే

డిజైన్ మాస్టారు చేసేది గళ్ల కాగితం మీద గళ్లు నింపడం. గడికి ఒక పోగు. నింపిన గడి రంగు పోగు, నింపని గడి నేల పోగు. నేను నింపిన గళ్లన్నీ వరసగా పరిస్తే ఆత్రేయపురంలో మొదలై అంతర్వేది దాకా వస్తాయి, మిగిలినవి సముద్రంలో పడతాయి. ఆ కాగితం తీసుకెళ్లి మగ్గం ముందు కడితే, నేతగాడు దాన్ని చూస్తూ, రంగు నూలు చుట్టిన చిన్న చిన్న కండెలతో బుటా ఎక్కిస్తాడు. కాగితం తప్పయితే గుడ్డ తప్పవుతుంది. గుడ్డ తప్పయితే నేతగాడి ఇంట్లో పొయ్యి ఆలోచనలో పడుతుంది. ఈ సంగతి ట్రైనింగులో ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి కూడా చెప్పరు. మీ పనికి శత్రువు చెదపురుగు కాదు, వాన కాదు, నాసిరకం నూలు అసలే కాదు. మీ భుజం మీదుగా తొంగి చూసి, "ఇంకొంచెం ఏదైనా వెయ్యండి మాస్టారూ" అనే మనిషి. అతను సాధారణంగా మీ పైఅధికారి అయి ఉంటాడు.

మా ప్రెసిడెంటు గారు

నా సర్వీసులో చాలామంది ప్రెసిడెంట్లు వచ్చారు, వెళ్లారు. డెబ్భైల నడుమ ఉన్న సూర్యనారాయణ గారు మాత్రం వచ్చారు గానీ వెళ్లినట్టు నాకు ఇప్పటికీ అనిపించదు. ఆయన బండారులంకలో దగ్గితే అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో బేరాలు ఆగేవి. ఆయన బొజ్జ ఆఫీసు గుమ్మం దాటిన కాసేపటికి ఆయన దాటేవారు. మనసు మంచిదే. కష్టంలో ఉన్నవాడు ఇంటికొస్తే అన్నం పెట్టకుండా పంపేవారు కాదు. కానీ గుడ్డ గురించి ఆయనకి ఒక్క సిద్ధాంతమే ఉండేది. ఒకసారి నాతో అన్నారు:

"చూడండి మాస్టారూ, చీరలు కొనేది మా అమ్మగారు, కట్టేది మా ఆవిడ, మెచ్చుకునేది నేను. ఈ మెచ్చుకోవడం ఉంది చూసేరా, అదండి అసలు కష్టం. గుడ్డ నిండుగా ఉందనుకోండి, మాట దానంతటదే వస్తది."

నిండుగా. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా ప్రెసిడెంటు గారి శాస్త్రమంతా ఈ ఒక్క మాటే.

కానో నుంచి వచ్చిన నమూనా

ఆ రోజుల్లో మద్రాసు ఎగుమతి వ్యాపారుల ద్వారా పశ్చిమ ఆఫ్రికాకి మన గుడ్డ వెళ్లేది. ఎక్కువగా గళ్ల రుమాళ్లు. వాటికి డిజైన్ మాస్టారు అక్కర్లేదు, అడ్డం నిలువు తెలిస్తే చాలు. ఒక శ్రావణమాసంలో మాత్రం మద్రాసు నుంచి వేరే నమూనా వచ్చింది. నైజీరియా ఉత్తర భాగంలో కానో అనే ఊరుంది. అక్కడి ముస్లిం వ్యాపారి ఒకాయనకి కావలసిన గుడ్డ అది. తెల్లటి నేల మీద నీలిమందు రంగు బుటాలు.

నమూనా విప్పేసరికి సొసైటీ ఆఫీసు పెళ్లి పందిరైపోయింది. నేతగాళ్లు, నూలు తూచేవాళ్లు, ఎదుటి టీకొట్టు వాడు, టీ తాగడానికొచ్చినవాళ్లు, అందరూ ఆ గుడ్డ మీద పడ్డారు. మా వాళ్లకి ఒక పద్ధతి ఉంది. పేరు లేని బుటా నెయ్యరు. మగ్గం మీద మొగుడు కూర్చుంటే పక్కన పెళ్లాం కండెలు అందిస్తుంది. "రుద్రాక్ష అయిపోయింది, పిందె అందుకో" అనాలి కదా. పేరు లేకపోతే ఏమని అడుగుతాడు? అందుకని ముందు నామకరణం, తర్వాతే నేత.

ఒక చతురస్రం మీద ఇంకో చతురస్రం ఏటవాలుగా పెడితే ఎనిమిది కోణాల నక్షత్రం వస్తుంది. అది మొదటి బుటా.

"ఇది ముగ్గండి. మా ఆవిడ రోజూ గుమ్మంలో వేస్తది" అన్నాడు వీరభద్రం. మా ఊళ్లో బుటా నేతకి అతని తర్వాతే ఎవరైనా.

"ముగ్గేంటయ్యా, అది బెత్లెహేము నక్షత్రం. పాపం తోక పెట్టడం మర్చిపోయేరు" అన్నారు జాన్ రత్నం మాస్టారు. ఆయన హైస్కూల్లో హెడ్మాస్టరు చేసి దిగిపోయిన మనిషి. ఇంగ్లీషు ఉత్తరాలు చదవాల్సి వస్తే ఆయన్ని పిలిచేవాళ్లం. ఆదివారం చర్చిలో వాక్యం చెప్పే అలవాటు మీద, టీ కావాలన్నా ఆయన కంఠం ప్రసంగంలాగే ఉండేది.

ముగ్గా నక్షత్రమా అని వాదన పెరిగి, పక్కవీధిలో కుక్కలు కూడా రెండు పక్షాలుగా చీలేదాకా వచ్చింది. చివరికి ప్రెసిడెంటు గారు తీర్పు చెప్పారు: "ముగ్గు నక్షత్రం. ఇంక నోరు ముయ్యండి."

వరసగా కిందికి దిగిన పొడుగాటి మొనల్ని, విచ్చుకోని లేత కొబ్బరాకుల్లా ఉన్నాయని, కొబ్బరి మువ్వలన్నారు. నెలవంకకి పేరు అక్కర్లేకపోయింది. పైన పిడి ఉన్న పలకలాంటి ఆకారాన్ని తెడ్డు అన్నారు. అన్నిటికంటే పెద్దది ఆఖరున మిగిలింది. అది తొమ్మిది గళ్ల చతురస్రం. చుట్టూ ఉన్న గళ్లలో చీమలు పాకినట్టు సన్నటి గుర్తులు. నడిమి గడి ఖాళీ.

"అష్టాచెమ్మా పటం" అన్నారు ఎవరో. అందరికీ నచ్చింది. అష్టాచెమ్మాకి ఇరవై ఐదు గళ్లుండాలే అని నేనన్నాను, ఎవరూ విననట్టు నటించారు.

వీరభద్రం మాత్రం నడిమి గడి మీద వేలు పెట్టి తియ్యలేదు. "మాస్టారండీ, కాయలు పండే గడి కదండి ఇది. దీంట్లో ఏం లేదేంటండి? నేసినోడు భోజనానికి లేచిపోయేడంటారా?"

"నమూనాలో ఏముందో అదే మనం వెయ్యాలండీ" అన్నాను. నా కాగితంలో ఆ గడి ఖాళీగానే వదిలాను.

వీరభద్రం మగ్గం

ఇక్కడ వీరభద్రం సంగతి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు తమాషాగా ఉంటుంది. నాకూ కొంత తమాషాగానే ఉంది గానీ, అతనికి లేదు.

బుటా నేత తండ్రి దగ్గర నేర్చినవాడే అయినా, అతను పదేళ్లకి పైగా ఒక షావుకారి షెడ్డులో కూలి మగ్గం మీద నేశాడు. తెల్లారి వెళ్లడం, దీపాలు పెట్టే వేళకి రావడం. షెడ్డులో మాట్లాడకూడదు, పాడకూడదు, షావుకారు వస్తే లేచి నిలబడాలి. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడు లేచి నిలబడటమంటే చెరువులో పడ్డ గేదెను తియ్యడమే. ఈ నమూనా వచ్చాక సొసైటీ ఒక మగ్గాన్ని అతని ఇంట్లో దింపింది. షరతు ఒక్కటే. ఎగుమతి పని ఉన్నంతకాలం మగ్గం అతని దగ్గర. పని పోతే మగ్గం వెనక్కి, అతను షెడ్డుకి.

మగ్గం దింపిన రోజు అతని భార్య మహాలక్ష్మమ్మ వీధి అరుగు పేడతో అలికిన తీరు చూస్తే, దేవుడి పెళ్లికి కూడా అంత శుభ్రం చెయ్యరనిపించింది. వీరభద్రం ఇంట్లో కూర్చుని, పాడుతూ నేశాడు. అతని పాట గురించి చెప్పకపోవడం మర్యాద. వీధిలో కాకులు కె.గంగవరం వలసపోయాయని అంటారు. అంత సంతోషంగా ఉన్న నేతగాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

బోసి

భాద్రపదంలో నాకు కండ్లకలక వచ్చింది. ఒక్కో కన్ను పండిన టమాటా అంత. ఇంట్లోంచి కదల్లేదు. తగ్గాక వీరభద్రం ఇంటికి వెళ్లేసరికి మొదటి తానులు మడతపెట్టి చెక్క మీద ఉన్నాయి. ఒకటి విప్పాను.

అష్టాచెమ్మా పటం నడిమి గడిలో హంస ఉంది. ప్రతి పటంలోనూ ఉంది. మెడ వంచి, రెక్క కొంచెం లేపి, ఇప్పుడే నీళ్లలోంచి వచ్చినట్టు. ఎంత బాగా నేశాడంటే, వాటిని చూసి పక్కింటి బాతు సిగ్గుతో గుడ్లు పెట్టడం మానేసింది.

"వీరభద్రం గారూ, ఇదేంటండీ?"

"హంసండి."

"హంసని నాకూ తెలుసండీ. ఇక్కడికెందుకొచ్చిందని."

అతను తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు. "బోసిగా ఉందండి. ఒకటి నేసేనండి, రెండు నేసేనండి. నాకు అన్నం సయించలేదండి. మా ఇంట్లోంచి నడుమ బోసిగా ఉన్న గుడ్డ ఎలా పంపుతానండి? రేపు కట్టుకున్నోళ్లు ఏమనుకుంటారండి? ఈ నేసినోడికి పెళ్లాం పిల్లలు లేరా అనుకోరాండి?"

"ఆయన అడగలేదుగదండీ."

"అడగలేదనే పెట్టేనండి. అడిగింది అందరూ పెడతారండి."

మన కంటికి ఖాళీ కనిపిస్తే ఊరుకోలేం. మెడ బోసిగా ఉండకూడదు, గుమ్మం బోసిగా ఉండకూడదు, విస్తరిలో ఒక మూల ఖాళీగా ఉంటే వడ్డించేవాడి పరువు పోతుంది. కోనసీమలో అతిథి వద్దు వద్దంటున్నా వేస్తాం. గుడ్డలోనూ వేశాడు. ఇంకో జిల్లా నేతగాడైతే నమూనా చూసి నేసి పడుకునేవాడు.

"ప్రెసిడెంటు గారు చూసేరాండీ?"

"ఆయ్. చూసేరండి. నిండుగా ఉందన్నారండి."

సరే, ఆఫీసుకి పరిగెత్తాను. నా సైకిలు అంత వేగం అంతకుముందెన్నడూ చూసి ఎరగదు.

"అయ్యా, నమూనాలో ఎక్కడా ప్రాణి లేదండి. ఈగ కూడా లేదండి. కొనేవాళ్లు ముస్లింలు. పక్షి బొమ్మ ఒప్పుకుంటారో లేదో. అది అలా ఉంచండి, అడగనిది మనం పెట్టకూడదు."

ప్రెసిడెంటు గారు చుట్ట తీసి నవ్వారు. "మాస్టారూ, మీరు చదువుకున్నవారు గానీ వ్యాపారం తెలీదండి. పైన ఒక పక్షిని ఊరికే ఇస్తున్నాం. ఊరికే వచ్చిన పక్షిని ఎవడు వద్దంటాడండి? ఆ కానో వ్యాపారి హాజీ గారు ఎల్లుండి స్వయంగా వస్తన్నారు, ఇప్పుడే తంతి వచ్చింది. చూసి ఎగిరి గంతేస్తారు. మీరు మాత్రం నోరు మెదపకండి."

హాజీ గారు

హాజీ మూసా గారు రాజమండ్రి నుంచి అంబాసిడర్ కారులో వచ్చారు. ముందు కారులోంచి అంగీ దిగింది. అది దిగుతూనే ఉంది. ఆ అంగీలో ఉన్న గుడ్డతో అమలాపురం సినిమాహాలుకి తెర కుట్టి, మిగిలినదానితో టిక్కెట్ల గది కిటికీలకి కూడా కట్టొచ్చు. దాని మెడ కింద ఎడమవైపు పెద్ద ఎంబ్రాయిడరీ. మేము కొబ్బరి మువ్వలన్న మొనలు అక్కడ వరసగా ఉన్నాయి. తర్వాత మనిషి దిగారు. పొడుగు, నలుపు, నవ్వు మొహం.

మా ప్రెసిడెంటు గారు భోజనానికి చేసిన ఏర్పాట్లు చెబితే నమ్మరు. పూతరేకులు, పనసపొట్టు కూర, గోదావరంతా గాలించి పట్టించిన పులస, లంకల్లోంచి ఏరించిన బొండాల గుట్ట. ఆ గుట్ట మీంచి చూస్తే కపిలేశ్వరపురం కనపడుతుంది. హాజీ గారు అన్నీ చూసి గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఇంగ్లీషులో ఏదో అన్నారు.

జాన్ రత్నం మాస్టారు గొంతు సవరించుకున్నారు. "హాజీ గారు సెలవిచ్చేది ఏమనగా, ఇది వారి ఉపవాస మాసం. ప్రయాణంలో మినహాయింపు ఉన్ననూ వారు ఉపవాసమే ఎంచుకున్నారు. సూర్యుడు అస్తమించువరకు నీళ్లు కూడా ముట్టరు."

ప్రెసిడెంటు గారి మొహం చూడాల్సింది. ఇంటికొచ్చిన మనిషి తినకపోతే ఆయనకి జ్వరం వస్తుంది. "సాయంత్రం దాకా ఉంటారు కదాండీ? అడగండి మాస్టారూ, ఉంటారు కదా?" అని జాన్ రత్నం గారి చెయ్యి పట్టుకున్నారు. ఉంటారన్నారు. పొద్దు గుంకాక ఉపవాసం విడిచి బయల్దేరతామన్నారు.

నడిచి వీరభద్రం ఇంటికి వెళ్లాం. వెనక ఊరు, ఊరి వెనక పక్క ఊరు. హాజీ గారు పీట మీద కూర్చుని గుడ్డ చేతిలోకి తీసుకున్నారు. ముగ్గు నక్షత్రాన్ని వేలితో తడిమి తల ఊపారు. కొబ్బరి మువ్వలు చూసి, అవి కత్తులని చెప్పారు. చెడు దగ్గరికి రాకుండా మొనలు బయటికి తిప్పి పెడతారట. తెడ్డు చూసి, అది తెడ్డు కాదు పలకన్నారు. వాళ్ల ఊళ్లో పిల్లలు చెక్కపలక మీద సిరాతో ఖురాను వాక్యాలు రాసి నేర్చుకుంటారు. చదవడం అయ్యాక కడిగి మళ్లీ రాస్తారు.

"మా పిల్లలకీ పలకేనండి! బలపంతో రాస్తారు, ఉమ్మితో తుడుస్తారు" అంది మహాలక్ష్మమ్మ సంబరంగా. జాన్ రత్నం మాస్టారు మొదటి సగమే ఇంగ్లీషులో చెప్పారు.

అప్పుడు హాజీ గారు తొమ్మిది గళ్ల దగ్గరికొచ్చారు. వేలు ఆగింది. ఒక పటం, ఇంకో పటం, తాను తిప్పి ఇంకో పటం. నవ్వు పోయింది.

"ఇది ఎందుకు పెట్టారని అడుగుతున్నారు" అన్నారు జాన్ రత్నం గారు. ఈసారి ప్రసంగం లేదు, మామూలు గొంతు.

"బోసిగా ఉందని చెప్పండి" అన్నాడు వీరభద్రం.

బోసిని ఇంగ్లీషులో చెప్పడానికి జాన్ రత్నం గారు పడ్డ అవస్థ చూస్తే హెడ్మాస్టర్ల మీద నాకు జాలేసింది. చివరికి గొలుసు లేని ఆడవాళ్ల మెడ అని చేతులతో చూపించారు. హాజీ గారికి వెంటనే అర్థమైంది. తనకి ఇద్దరు భార్యలని, ఆ మాట ఇంకెవరూ వివరించనక్కర్లేదని అన్నారు. అంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టారు. జాన్ రత్నం గారు ఒక్కో ముక్కా తెలుగులో అందించారు.

"పక్షి బొమ్మ ఉన్న గుడ్డ కట్టుకుని నమాజుకి నిలబడటం మా వాళ్లకి ఇష్టం ఉండదు. అది రెండో మాట. మొదటి మాట వేరు. ఈ గుడ్డ కొన్నవాళ్లు మాలం దగ్గరికి తీసుకెళ్తారు. మాలం అంటే ఖురాను చదువు చెప్పే మాస్టారు. ఆయన నడిమి గడిలో సిరాతో రాస్తారు. కొన్నవాడి పేరు, వాడి కోరిక. బిడ్డ కావాలని ఒకరు, ప్రయాణం క్షేమంగా జరగాలని ఒకరు. ఇలాంటివి వద్దనే పెద్దలు కూడా మా ఊళ్లో ఉన్నారు. నేను వర్తకుణ్ణి, అడిగినవాళ్లకి అమ్ముతాను. ఆ గడి మీదీ కాదు, నాదీ కాదు. కొన్నవాడిది. మీరు ముందే నింపేస్తే వాడు వచ్చి ఎక్కడ నిలబడాలి?"

హాజీ గారు గుడ్డని జాగ్రత్తగా మడతపెట్టి వీరభద్రం చేతికిచ్చారు. నేత చాలా గొప్పగా ఉందని, కానీ ఇది తీసుకెళ్లలేనని అన్నారు.

పైఅధికారుల గురించి మీకు ఒకటి చెప్పాలి. నా సర్వీసు మొత్తంలో దీనికి తిరుగులేదు. పొగడ్త వచ్చేదాకా పని వాళ్లది, తిట్టు రాగానే అది మీది. ప్రెసిడెంటు గారు చుట్ట నేలకేసి నలిపి, "నేను ముందే చెప్పేనండి, పక్షి వద్దని! మాస్టారు పట్టించుకోలేదు" అన్నారు. అంతటితో ఆగినా బాగుండేది. వీరభద్రం వైపు తిరిగి, "రేపు మనుషుల్ని పంపుతాను. మగ్గం విప్పి సిద్ధంగా ఉంచు" అన్నారు.

మహాలక్ష్మమ్మ చేతిలో కండెల బుట్ట కింద పెట్టేసింది. వీరభద్రం గోడవైపు చూస్తున్నాడు. ఆ గోడకి అవతల రోడ్డు, రోడ్డు చివర షెడ్డు.

పీకడం

"ఆగండి" అన్నాను. హంస విడిగా ఎక్కించిన పోగు. నేలనేత దాని కింద చెక్కుచెదరకుండా ఉంటుంది. వెనకవైపు కత్తిరించి, ముందునుంచి సూదితో ఒక్కో పోగూ లాగితే హంస వచ్చేస్తుంది. జాన్ రత్నం గారు ఇది చెప్పగానే హాజీ గారు ఆకాశంవైపు చూశారు. పొద్దు గుంకేదాకా ఎలాగూ ఇక్కడే ఉంటాను, ఒక్క తాను బాగుచేసి చూపించండి, గుడ్డ పాడవకపోతే మిగతావీ తీసుకుంటాను అన్నారు.

అందరం వీరభద్రం వైపు తిరిగాం.

"నేను పీకనండి" అన్నాడు.

"వీరభద్రం గారూ..."

"కావలిస్తే షెడ్డుకి పోతానండి. నా చేత్తో నేసిన హంస మెడ నేను కొయ్యనండి. ఇంకోటేదైనా చెప్పండి, చేస్తాను. నడిమి గడి ఖాళీగా వదిలి ఇంకో తాను నేస్తానండి. నేసినదాన్ని పీకడం నా వల్ల కాదండి."

ప్రెసిడెంటు గారు అరిచారు. ఆయన అరుపుకి చూరులో పిచ్చుకలు ఎగిరాయి గానీ వీరభద్రం కదల్లేదు. నేను బతిమాలాను. జాన్ రత్నం గారు వాక్యం ఎత్తుకోబోయి, మానేశారు.

మహాలక్ష్మమ్మ లోపలికెళ్లి సూది, కత్తెర తెచ్చింది. మొగుడి ఎదురుగా కూర్చుంది. తాను ఒళ్లోకి లాక్కుంది.

"ఏంటే, ఏం చేస్తన్నావు?"

"కళ్లు కనపట్టం లేదా మీకు? పీకుతున్నాను."

"నేను వద్దంటే..."

"మీరు వద్దన్నారు. విన్నాను. ఈ హంసలు ఎగిరిపోతే మన మగ్గం ఉంటది. మగ్గం ఎగిరిపోతే మీ హంసలు ఎక్కడ వాలతాయి, షావుకారి నెత్తి మీదా? షెడ్డులో పదేళ్లూ తమరు ఏం నేసేరో చెప్పండి. చారలు. చారలు నేసేరు. ఇంటికొచ్చి కంచం ముందు కూడా మాట్లాడేవారు కాదు. నాకు హంసలొద్దు, ఏమీ వద్దు. మీరు ఇంట్లో పాడుతుంటే చాలు."

"నా పాట ఎవరికీ నచ్చదు కదే" అన్నాడు.

"నచ్చదు. అయినా పాడండి."

మొదటి హంస మెడ పోగు సూదికి వచ్చింది. ఆమె లాగింది. వీరభద్రం చూడలేక కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆమె రెక్క దగ్గరుంది, తప్పు పోగు పట్టుకుంది.

"అది కాదే! అది నేలపోగు, గుడ్డ చిరుగుతది. ఇలా ఇవ్వు. ఇవ్వమంటే..." అని సూది లాక్కున్నాడు. లాక్కున్నాక ఇంక వదల్లేదు.

ఆ మధ్యాహ్నమంతా వీధి అరుగు మీద పీకుడు సాగింది. వీధిలో ఆడవాళ్లందరూ తాను చుట్టూ కూర్చుని ఒక్కో పటం పంచుకున్నారు. జాన్ రత్నం గారు కళ్లజోడు మీద కళ్లజోడు పెట్టుకుని సాయం చెయ్యబోయి, వేలు పొడుచుకుని, ఒక్క హంసకే అలిసిపోయారు. హాజీ గారు అంగీ చేతులు పైకి మడిచి, వీరభద్రం పక్కన కూర్చుని పోగుపోగునీ చూశారు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా, గట్టిగా లాగొద్దని హాజీ గారి సైగ, నాకు తెలుసని వీరభద్రం సైగ, మళ్లీ గట్టిగా లాగుతున్నావని హాజీ గారి సైగ. పీకిన నీలి పోగులు గుట్ట పడ్డాయి. ఒక పరుపు, రెండు దిళ్లు కుట్టొచ్చు.

హంసలు పోయినచోట మొదట సన్నటి చిల్లులు కనిపించాయి. ఒక్కొక్కటీ ఊడిన పంటి సందులాగా. వీరభద్రం నీళ్లు చల్లి, గోటితో అడ్డంగా, నిలువుగా దువ్వాడు. పోగులు సర్దుకున్నాయి. చిల్లులు మూసుకున్నాయి.

సూర్యుడు కొబ్బరితోటల వెనక్కి దిగాడు. హాజీ గారు తాను ఎత్తి పడమటి వెలుగుకి పట్టుకున్నారు. ఒక్కో పటం, ఒక్కో నడిమి గడి. చాలాసేపు. నేను జీవితంలో ఎన్ని పరీక్షలు రాశానో, అన్నిటి ఫలితాలూ ఒకేసారి వస్తున్నట్టుంది. ఆయన గుడ్డ దించి, వీరభద్రం రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నారు. జాన్ రత్నం గారికి తర్జుమా చెయ్యడానికి ఏమీ లేకపోయింది.

ప్రెసిడెంటు గారు స్వయంగా బొండాం కొట్టి ఇచ్చారు. హాజీ గారు ఉపవాసం విడిచారు. తర్వాత జరిగిన భోజనం వివరాలు ఇక్కడ రాయను. కారు స్ప్రింగులు వంగిపోయాయని మాత్రం చెబుతాను.

తర్వాత

మగ్గం విప్పడానికి మనుషులెవరూ రాలేదు. ప్రెసిడెంటు గారు ఊళ్లో అందరికీ, "పక్షి తీసెయ్యమని నేనే చెప్పేను" అని చెప్పుకున్నారు. చెప్పుకోనిచ్చాను. కుర్రాళ్లూ, ఇలాంటివి చెప్పుకోనివ్వండి. అడ్డుపడితే పని ఆగుతుంది, ఆయన ఆగరు.

ఆ ఆర్డర్లు కొన్నేళ్లు వచ్చాయి. తర్వాత ఆ దేశంలో బయటి గుడ్డ రానివ్వడం మానేశారు. అప్పటికి వీరభద్రం ఆ మగ్గాన్ని సొసైటీ నుంచి సొంతం చేసుకున్నాడు.

హాజీ గారు వచ్చివెళ్లిన పై ఏడు ఒక పొద్దున వీరభద్రం ఇంటికి వెళ్లాను. పని పెరిగిందని బావమరిది సత్తిబాబుని పిలిపించుకుని నేర్పిస్తున్నాడు. సత్తిబాబు అంతకుముందు అల్లవరంలో వలలు అల్లేవాడు, పెళ్లయ్యాక నేత పట్టాడు. మగ్గంలో కూర్చుని ముగ్గు నక్షత్రం పూర్తి చేశాడు, పలక పూర్తి చేశాడు. తొమ్మిది గళ్ల దగ్గరికొచ్చి ఆగాడు. వీరభద్రం పక్కన నిలబడి ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"బావా, నడుమ ఏం రావాలి?"

"ఏం రాకూడదు. నేలపోగు కొట్టుకుపో."

"మరీ బోసిగా ఉంటదేమో బావా. చిన్న పువ్వేదైనా..."

వీరభద్రం రాగం ఆపాడు.

"బోసేంట్రా. అక్కడ మనిషున్నాడు. ఇంకా రాలేదంతే."